చీలమండ బెణుకు: తీవ్రతను గుర్తించే పద్ధతులు

ఈ పాఠం చదివిన తరువాత మీరు చీలమండ కీలు నిర్మాణాన్ని వివరించగలుగుతారు. బెణుకులోని మూడు స్థాయిల మధ్య తేడా చెప్పగలుగుతారు. ఎవరికి ఎక్స్‌రే అవసరమో, ఎవరికి అక్కరలేదో కొంత నమ్మకంతో నిర్ణయించగలుగుతారు. మొదటి వారంలో ఏం చేయాలో, ఆ తరువాతి రెండు నెలల్లో ఏం చేయాలో తెలుసుకుంటారు. ఈ చివరి అంశానికి ఎక్కువ చోటు ఇచ్చాను. పాఠ్యపుస్తకాలు సాధారణంగా దీన్ని రెండు వాక్యాల్లో ముగిస్తాయి, అందుకే ఇచ్చాను.

1. సమస్య ఎక్కడ మొదలవుతుంది?

పశ్చిమ ప్రకాశంలో కాలు బెణకడానికి పెద్ద ప్రమాదం ఏదీ జరగనక్కరలేదు. తర్లుపాడు మండలంలో మిరప కోతకు వెళ్లిన ఒక కూలీ తల్లిని ఊహించుకోండి. పొద్దు గూకే వేళ తలమీద మూటతో గట్టు దిగుతుంది. గట్టు కింద మట్టిపెడ్డ ఉంది. ముందుగా మునివేళ్లు ఆనతాయి, పాదం లోపలికి మడత పడుతుంది, ఆమె కూలబడుతుంది. పది నిమిషాల్లో బయటివైపు చీలమండ కోడిగుడ్డంత వాస్తుంది. మార్కాపురం పలకల గనుల దగ్గరైతే మట్టిపెడ్డ బదులు పలకరాతి ముక్క ఉంటుంది. రాళ్ల గుట్టల మీద అడుగు వేసినప్పుడు కింది ముక్క జారుతుంది. జరిగేది మాత్రం అదే.

ఆ రాత్రి ఇంట్లో మూడు సలహాలు వినిపిస్తాయి. 'ఉట్టి బెణుకే, పొద్దుటికి తగ్గుద్ది' అంటారు ఒకరు. 'తీసిపట్టే ఆయన్ని పిలవండి' అంటారు మరొకరు. 'మార్కాపురం తీసుకెళ్లి ఫోటో తీయించండి' అంటారు ఇంకొకరు. మన పల్లెల్లో ఎక్స్‌రేను ఇప్పటికీ ఫోటో అనే అంటారు. మూడో సలహా ఎప్పుడూ క్షేమం అనిపిస్తుంది. కానీ దానికి ఆటో ఖర్చు, ఎక్స్‌రే ఖర్చు, ఆమెతో పాటు తోడు వెళ్లేవారి ఒకరోజు కూలి కలిపి లెక్క వేయాలి. అవసరం లేకుండా వెళ్తే ఇద్దరి కూలి పోతుంది. అవసరం ఉండి వెళ్లకపోతే ఎముక వంకరగా అతుక్కుని ఆమె జీవితాంతం కుంటవచ్చు. కాబట్టి తీవ్రతను గుర్తించడం పరీక్షలో మార్కుల కోసం చదివే విషయం మాత్రమే కాదు.

2. చీలమండ కీలు నిర్మాణం

మోకాలి కింద రెండు ఎముకలు ఉన్నాయని మీరు ఇంటర్మీడియట్‌లో చదివే ఉంటారు. లావుగా ఉండేది అంతర్జంఘిక, సన్నగా ఉండేది బహిర్జంఘిక. ఈ రెండింటి కింది చివరలు కలిసి ఒక గూడులా ఏర్పడతాయి. ఆ గూటిలో టాలస్ అనే పాదపు ఎముక ఇమిడి ఉంటుంది. మీ కాలికి రెండు పక్కలా చేతికి తగిలే గట్టి బుడిపెలు ఆ గూడు గోడలే. తడిమి చూడండి. బయటి బుడిపె లోపలి బుడిపె కంటే కిందికి దిగి ఉంటుంది. అందుకే పాదం బయటికి మడత పడటం కష్టం, లోపలికి మడత పడటం సులువు. బెణుకుల్లో అత్యధికం పాదం లోపలికి తిరగడం వల్లనే ఎందుకు వస్తాయో దీనితో సగం అర్థమవుతుంది.

మిగతా సగం టాలస్ ఆకారంలో ఉంది. దాని పైభాగం ముందువైపు వెడల్పుగా, వెనకవైపు సన్నగా ఉంటుంది. పాదం నేలమీద చదునుగా ఉన్నప్పుడు, లేదా మునివేళ్లు పైకెత్తినప్పుడు, వెడల్పు భాగం గూటిలో బిగుసుకుని కీలు గట్టిగా ఉంటుంది. మునివేళ్లు కిందికి వంచినప్పుడు సన్నని భాగం గూటిలోకి వస్తుంది, కీలు వదులవుతుంది. గట్టు దిగేటప్పుడు, మెట్టు దిగేటప్పుడు, కబడ్డీలో గాలిలోకి ఎగిరి దిగేటప్పుడు మన పాదం ఉండేది సరిగ్గా ఈ వదులు స్థితిలోనే. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే కాలు ఎక్కువగా బెణకడానికి కారణం ఇది.

ఎముకను ఎముకతో కలిపి ఉంచే గట్టి పీచు పట్టీని సంధిబంధనం లేదా లిగమెంట్ అంటారు. కండరాన్ని ఎముకకు కలిపేది వేరు, దాన్ని స్నాయుబంధనం అంటారు. బెణుకు అంటే సంధిబంధనం సాగడం లేదా తెగడం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ఊళ్లలో 'నరం తప్పింది', 'నరం మీద నరం ఎక్కింది' అంటారు. వాడుకలో నరం అనే మాట నాడికీ, రక్తనాళానికీ, స్నాయుబంధనానికీ, సంధిబంధనానికీ ఒకే పేరుగా చెల్లుతుంది. మాటతో పేచీ లేదు. అయితే 'తప్పింది' అనుకుంటే 'లాగి సర్దాలి' అనే చికిత్స దానంతట అదే పుట్టుకొస్తుంది. బెణుకులో పక్కకు తప్పినది ఏదీ లేదు. తెగినది ఉంది. తెగినదాన్ని లాగితే ఇంకా తెగుతుంది.

బయటివైపు మూడు సంధిబంధనాలు ఉన్నాయి. బహిర్జంఘిక కొన నుంచి ముందుకు టాలస్‌కు వెళ్లేది ఒకటి, కిందికి మడమ ఎముకకు వెళ్లేది ఒకటి, వెనక్కు టాలస్‌కు వెళ్లేది మరొకటి. వీటిలో అన్నిటికంటే బలహీనమైనది ముందుది. మునివేళ్లు కిందికి వంగినప్పుడు బిగుసుకుని బరువు మోసేదీ అదే. అందువల్ల మొదట తెగేది ముందుది, గాయం పెద్దదైతే తరువాత తెగేది మధ్యది. వెనకది తెగడం అరుదు. లోపలివైపు డెల్టాయిడ్ అనే ఒక మందమైన సంధిబంధనం ఉంది. అది చాలా బలమైనది, దానికి గాయమైతే ఎముక కూడా విరిగి ఉండవచ్చునని అనుమానించాలి.

ఇవి కాక, రెండు జంఘికలనూ కిందిభాగంలో ఒకదానికొకటి కట్టి ఉంచే బంధనాలు ఉన్నాయి. నేలకు ఆనిన పాదం బయటికి తిరిగి, పై శరీరం అటు కాకుండా మరోవైపు తిరిగినప్పుడు ఇవి దెబ్బతింటాయి. కబడ్డీలో కూతకు వెళ్లిన ఆటగాడి కాలిని చీలమండ దగ్గర ఒడిసి పట్టినప్పుడు, అతడు విడిపించుకోవడానికి మెలి తిరిగితే ఈ గాయం కావచ్చు. దీన్ని ఎగువ చీలమండ బెణుకు అంటారు. వాపు తక్కువగా ఉంటుంది, నొప్పి చీలమండకు పైన ఉంటుంది, పిక్క మధ్యలో రెండు ఎముకలనూ కలిపి నొక్కితే కింద నొప్పి తెలుస్తుంది. మామూలు బెణుకు కంటే నయం కావడానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది. వాపు చూసి 'చిన్నదే' అని తీర్మానించకూడదనడానికి ఇది మొదటి ఉదాహరణ.

3. బెణుకులో మూడు స్థాయిలు

మొదటి స్థాయిలో సంధిబంధనం సాగుతుంది, కొన్ని పీచులు మాత్రమే తెగుతాయి. కొద్దిపాటి వాపు, తాకితే నొప్పి ఉంటాయి. కొంచెం కుంటుతూనైనా నడవగలరు. ఒకటి రెండు వారాల్లో పనిలోకి వెళ్లగలరు.

రెండో స్థాయిలో సంధిబంధనం పాక్షికంగా తెగుతుంది. వాపు ఎక్కువగా ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో చర్మం కింద రక్తం చేరి నీలంగా, తరువాత పసుపుపచ్చగా కమిలి కనిపిస్తుంది. పాదం మోపడం కష్టమవుతుంది. మూడు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు.

మూడో స్థాయిలో సంధిబంధనం పూర్తిగా తెగిపోతుంది. కొందరికి ఆ క్షణంలో 'టప్' మని శబ్దం వినిపిస్తుంది. కీలు పట్టు తప్పినట్లు, కాలు కింద నేల జారినట్లు అనిపిస్తుంది. మూడు నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది.

పుస్తకంలో ఈ విభజన ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది. అసలు కాలు ముందుంటే అంత స్పష్టంగా ఉండదు. మొదటి రోజు వాపు, నొప్పి, కండరాల బిగుతు వల్ల అన్ని కాళ్లూ ఒకేలా ఉంటాయి. అనుభవం ఉన్న వైద్యుడు కూడా మొదటి గంటల్లో రెండో స్థాయినీ మూడో స్థాయినీ విడదీసి చెప్పడం కష్టం. నాలుగైదు రోజుల తరువాత వాపు కొంత తీసి, కండరాలు సడలిన మీదట పరీక్షిస్తే ఫలితం ఎంతో నమ్మదగినదిగా ఉంటుంది. ఆ పరీక్షలో వైద్యుడు ఒక చేత్తో పిక్క కింది భాగాన్ని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో మడమను ముందుకు లాగి చూస్తారు. రెండో కాలితో పోల్చినప్పుడు పాదం ఎక్కువగా ముందుకు వస్తే ముందరి సంధిబంధనం తెగిందని అర్థం. ఇది శిక్షణ పొందినవారు చేయవలసిన పరీక్ష. మీరు ఇంట్లో ప్రయత్నించకండి.

నొప్పి కూడా మోసం చేస్తుంది. సగం తెగిన తాడు లాగినప్పుడల్లా మిగిలిన పురులు బిగుసుకుంటాయి, పూర్తిగా తెగిన తాడులో బిగుసుకోవడానికి ఏమీ మిగలదు. అదే విధంగా మూడో స్థాయి బెణుకులో కొన్ని రోజుల తరువాత, రెండో స్థాయి కంటే తక్కువ నొప్పి ఉండవచ్చు. ఆ మనిషి లేచి నడుస్తాడు, తగ్గిపోయిందనుకుంటాడు.

4. ఎముక విరిగిందా? ఒట్టావా నియమాలు

బెణుకు ఏ స్థాయిదో తెలియడానికి ఐదు రోజులు ఆగవచ్చు. ఎముక విరిగిందో లేదో తెలియడానికి ఆగకూడదు. ఈ రెండు ప్రశ్నలనూ విడివిడిగా ఉంచుకోవడం ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం.

చీలమండ గాయంతో ఆసుపత్రికి వచ్చి ఎక్స్‌రే తీయించుకున్నవారిలో నూటికి పదిహేనుమంది కంటే తక్కువమందికే ఎముక విరిగి ఉంటుంది. మిగిలినవారి ఎక్స్‌రేలు వృథా. దీన్ని తగ్గించడానికి కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1992లో కొన్ని సులువైన నియమాలను ప్రచురించారు. వాటికి యంత్రం ఏదీ అక్కరలేదు, ఒక వేలు చాలు.

చీలమండ దగ్గర నొప్పి ఉన్న మనిషికి కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. బయటి బుడిపె కొన మీద గానీ, అక్కడినుంచి పైకి 6 సెంటీమీటర్ల వరకు ఎముక వెనక అంచు మీద గానీ నొక్కితే నొప్పి ఉండటం. లోపలి బుడిపె దగ్గర అదే విధంగా నొప్పి ఉండటం. గాయమైన వెంటనే, మళ్లీ పరీక్షించే సమయంలో, రెండుసార్లూ నాలుగు అడుగులు వేయలేకపోవడం. కుంటుతూ వేసినా వేసినట్లే లెక్క. నొప్పి పాదం మధ్యభాగంలో ఉంటే మరో రెండు చోట్లు నొక్కి చూడాలి. పాదం బయటి అంచులో, చిటికెన వేలికీ మడమకూ మధ్య ఒక బుడిపె తగులుతుంది, అది ఒకటి. లోపలి అంచులో, లోపలి చీలమండకు ముందు కొంచెం కిందుగా ఉండే ఎముక రెండోది.

నొక్కే చోటు గురించి జాగ్రత్త. బెణుకులో ఎక్కువ నొప్పి ఉండేది బయటి బుడిపెకు ముందూ కిందా ఉండే మెత్తని భాగంలో. అక్కడ నొప్పి ఉండటం సహజం, దాన్నిబట్టి ఎముక విరిగిందని అనుకోకూడదు. మన వేలు ఎముక మీద, వెనక అంచు మీద పడాలి. ఒక్క అంగుళం తేడాలో తీర్పు మారిపోతుంది.

చిటికెన వేలి వైపు బుడిపెను మరచిపోకండి. పాదం లోపలికి మడత పడినప్పుడు పిక్క నుంచి వచ్చే ఒక స్నాయుబంధనం ఆ ఎముకను లాగుతుంది, ఒక్కోసారి ముక్క ఊడివస్తుంది. చీలమండ వాపు చూస్తూ పాదం అంచును చూడకపోవడం వల్ల ఈ పగులు తరచుగా మన దృష్టికి రాకుండా పోతుంది.

ఈ నియమాలను అనేక దేశాల్లో పరీక్షించారు. 27 అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఒక సమీక్ష 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. నియమాల ప్రకారం ఎక్స్‌రే అక్కరలేదని తేలినవారిలో పగులు ఉన్నవారు నూటికి ఇద్దరి కంటే తక్కువ. మార్కాపురం బస్సు ఎక్కాలా వద్దా అని ఆలోచించే ఇంటికి ఇంతకంటే ఉపయోగపడే సమాచారం నాకు తెలిసి లేదు.

అయితే ఈ నియమాలు అందరికీ వర్తించవు. పిల్లల్లో ఎముక పెరిగే భాగం సంధిబంధనం కంటే బలహీనంగా ఉంటుంది, పెద్దవారికి బెణుకయ్యే దెబ్బకు వారికి ఎముక పెరుగుదల పొర దెబ్బతినవచ్చు. మద్యం తాగి ఉన్నవారు, తలకు దెబ్బ తగిలినవారు నొప్పి సరిగా చెప్పలేరు. చాలాకాలంగా మధుమేహం ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు. అలాంటివారు విరిగిన కాలితోనే ఇంటికి నడిచి వస్తారు. పశ్చిమ ప్రకాశంలో మరొక విషయం కూడా గుర్తుంచుకోవాలి. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న గ్రామాల్లో ఏళ్ల తరబడి ఆ నీరు తాగిన పెద్దవారికి కీళ్లు బిగుసుకోవడం, సంధిబంధనాల్లో సున్నం పేరుకోవడం, ఎముకలు పెళుసెక్కడం జరుగుతుంది. వారి విషయంలో 'నాలుగు అడుగులు వేశాడు కదా' అనే ధీమా పనికిరాదు.

పాదం వంకరగా కనిపించినా, ఎముక బయటికి వచ్చినా, వేళ్లు చల్లబడి పాలిపోయినా, స్పర్శ తెలియకపోయినా ఏ నియమమూ చూడనక్కరలేదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

5. బెణుకు కానిది: సింధు ఉదాహరణ

2022 ఆగస్టు 8న బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల బ్యాడ్మింటన్ సింగిల్స్ ఫైనల్లో పి.వి.సింధు కెనడా క్రీడాకారిణి మిషెల్ లీని 21-15, 21-13 తేడాతో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆమె ఎడమ కాలికి కట్టు ఉండటం టీవీలో చూసినవారికి గుర్తుండే ఉంటుంది. క్వార్టర్ ఫైనల్ నుంచే ఆమెకు నొప్పి ఉంది. హైదరాబాద్ తిరిగివచ్చాక ఎమ్మారై తీయిస్తే ఎడమ కాలిలో ఒత్తిడి పగులు ఉన్నట్లు తేలింది. ఆ నెలలోనే టోక్యోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ నుంచి ఆమె తప్పుకుంది. తిరిగి అంతర్జాతీయ పోటీలో దిగింది 2023 జనవరిలో, మలేషియా ఓపెన్‌లో.

ఒత్తిడి పగులు బెణుకు లాంటిది కాదు. అది ఒక్క అడుగులో జరగదు. ఒకే ఎముక మీద వేలసార్లు పడిన భారం వల్ల సన్నని చీలిక ఏర్పడుతుంది. తొలి రోజుల్లో మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. మడత పడిన సంఘటన ఏదీ లేకుండా, పని చేస్తుంటే పెరిగి విశ్రాంతిలో తగ్గే నొప్పి, ఎముక మీద ఒకే బిందువు దగ్గర కచ్చితంగా తెలిసే నొప్పి ఉంటే దీన్ని అనుమానించాలి. పోలీసు ఉద్యోగ పరీక్షల కోసం రోజూ తారురోడ్డు మీద పరుగెత్తే మన యువకులకు ఈ సంగతి తెలిసి ఉండాలి. వారిలో చాలామంది దీన్ని బెణుకు అనే అనుకుని కట్టు కట్టుకుని మళ్లీ పరుగెత్తుతారు.

6. మొదటి వారం

నా ఇరవై రెండో ఏట సంక్రాంతి కబడ్డీ పోటీల్లో నా కుడికాలు మడత పడింది. ఆ సాయంత్రమే ఊళ్లో పేరున్న ఒక పెద్దాయన ఆముదం వెచ్చచేసి తెచ్చి, 'ఏం కాదులే నాయనా, కాస్త ఓర్చుకో' అంటూ అరగంట సేపు బొటనవేలితో నలిపాడు. ప్రేమతోనే చేశాడు. రాత్రికి వాపు రెట్టింపు అయింది, వారం రోజులు నేల మీద కాలు పెట్టలేకపోయాను. అప్పట్లో అది నా దురదృష్టం అనుకున్నాను. శరీర ధర్మశాస్త్రం చదివాక తెలిసింది: తెగిన సూక్ష్మ రక్తనాళాలు అప్పుడప్పుడే మూసుకుంటున్న చోట వేడి, మర్దన రెండూ కలిస్తే రక్తస్రావం పెరుగుతుంది. మొదటి రెండు మూడు రోజులు మర్దన వద్దు, కాపడం వద్దు. వావిలాకు కాపడమైనా, వేడినీళ్లైనా అంతే. తరువాతి రోజుల్లో అవి హాయినిస్తే అభ్యంతరం లేదు.

చేయవలసినవి తక్కువే. మొదటి ఒకటి రెండు రోజులు కాలికి బరువు తగ్గించాలి. వేళ్ల మొదలు నుంచి పైకి క్రేప్ బ్యాండేజీ చుట్టాలి, వేళ్లు మాత్రం కనిపించాలి. వేళ్లు తిమ్మిరెక్కితే, నీలంగా మారితే కట్టు వెంటనే వదులు చేయాలి. మంచం మీద పడుకుని, మడతపెట్టిన దుప్పట్ల మీద కాలును గుండె కంటే ఎత్తులో ఉంచాలి. కుర్చీలో కూర్చుని కాలు పీట మీద పెడితే సరిపోదు.

ఐసు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అనే నాలుగు సూత్రాలను 1978లో అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ తన పుస్తకంలో ప్రచారంలోకి తెచ్చాడు. ప్రపంచమంతా దాన్ని పాటించింది. 2014లో ఆయనే, ఐసు, పూర్తి విశ్రాంతి గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని రాసి తన మాటను సవరించుకున్నాడు. వాపు శరీరం చేసే మరమ్మతులో భాగం. దాన్ని పూర్తిగా అణచివేయాలనుకోవడం సరికాదు. కాబట్టి ఐసును నొప్పి తగ్గించే సాధనంగా మాత్రమే చూడండి. గుడ్డలో చుట్టి, ఒకసారికి 15 నిమిషాలు, మొదటి రోజు చాలు. ఐసు దొరకకపోతే కుండనీళ్లలో తడిపిన గుడ్డ వేసినా నష్టమేమీ లేదు. ముప్పై ఆరేళ్ల తరువాత తన సూత్రాన్ని తానే సవరించుకున్న వైద్యుడి పట్ల నాకు గౌరవం పెరిగింది, తగ్గలేదు.

కట్టు అనగానే పుత్తూరు గుర్తుకు రావడం సహజం. తిరుపతికి దగ్గరలోని పుత్తూరు పక్కన రాచపాళెంలో వేసే కట్టుకు మూడు రాష్ట్రాల నుంచి జనం వెళతారు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డతో ఆ కట్టు వేస్తారు. వెదురుబద్దలతో కీలును కదలకుండా ఉంచడం అనే సూత్రం సరైనదే. నా అభ్యంతరం రెండు విషయాల్లో ఉంది. ఎముక విరిగిందో లేదో ఎక్స్‌రేతో తేల్చుకోకుండా కట్టు వేయించుకోవడం ఒకటి. వాపు పెరిగే మొదటి రోజుల్లో బిగుతు కట్టు వేయించుకుని, వేళ్లు నల్లబడుతున్నా విప్పకపోవడం రెండోది. ఈ రెండో తప్పు ఆసుపత్రిలో వేసిన సిమెంటు కట్టుతోనూ జరుగుతుంది.

కదలకుండా ఉంచడం ఎన్నాళ్లు అన్నదానిపై 2009లో లాన్సెట్ పత్రికలో ఒక బ్రిటిష్ అధ్యయనం వచ్చింది. తీవ్రమైన బెణుకు ఉన్న 584 మందిని పరిశీలించారు. మోకాలి కింద పది రోజులు సిమెంటు కట్టులో ఉన్నవారు, మామూలు గొట్టపు కట్టు వేసుకున్నవారి కంటే మూడు నెలల నాటికి మెరుగ్గా ఉన్నారు. తొమ్మిది నెలల నాటికి తేడా కనిపించలేదు. పది రోజులు అన్న మాట గమనించండి. నెలన్నర కాదు. మొదటి స్థాయి బెణుకుకు సిమెంటు కట్టు అసలే అక్కరలేదు. మూడో స్థాయి బెణుకుల్లో కూడా అధికశాతం శస్త్రచికిత్స లేకుండానే నయమవుతాయి.

7. కాలు మరచిపోయినది

నా కాలు ఆ సంక్రాంతి తరువాత మరో మూడుసార్లు బెణికింది. ఒకసారి చదునైన సిమెంటు నేల మీదే. బెణుకు వచ్చినవారిలో ఎంతోమందికి ఇదే అనుభవం, సుమారు ఐదుగురిలో ఒకరికో ఇద్దరికో కీలు దీర్ఘకాలం అస్థిరంగా మిగిలిపోతుంది. ఎందుకు?

1965లో బ్రిటన్‌కు చెందిన ఫ్రీమన్ అనే శస్త్రవైద్యుడు దీనికి ఒక వివరణ ఇచ్చాడు. సంధిబంధనంలో పీచుతో పాటు సూక్ష్మమైన నాడీ కొనలు ఉంటాయి. పాదం ఏ కోణంలో ఉందో అవి క్షణక్షణం మెదడుకూ వెన్నుపాముకూ తెలియజేస్తాయి. సంధిబంధనం తెగినప్పుడు ఆ కొనలూ దెబ్బతింటాయి. పీచు మళ్లీ అతుక్కుంటుంది కానీ సమాచారం ఆలస్యంగా, అస్పష్టంగా అందుతుంది. పాదం మడత పడబోతున్నదన్న కబురు అందేలోపే మడత పడుతుంది. ఫ్రీమన్ తరువాత వచ్చిన పరిశోధనలు ఈ వివరణకు ఇంకా కొన్ని కారణాలు చేర్చాయి. ఆయన సూచించిన చికిత్స మాత్రం నిలిచింది: ఒంటికాలిపై సమతౌల్యం సాధన చేయడం.

మీ ఇంట్లో ఎవరికైనా బెణుకు తగ్గి నెల అయి ఉంటే ఈ పరీక్ష చేయించండి. గోడ పక్కన, చెయ్యి అందేంత దూరంలో, బాగున్న కాలిపై ఒక్కసారి, గాయపడిన కాలిపై ఒక్కసారి నిలబడమనండి. తరువాత కళ్లు మూసుకోమనండి. రెండు కాళ్ల మధ్య తేడా మీకే కనిపిస్తుంది. నొప్పి లేదు కాబట్టి నయమైందనుకున్న మనిషి కూడా ఆ తేడా చూసి ఆశ్చర్యపోతాడు.

వ్యాయామాలు మొదటి వారంలోనే, నొప్పి ఓర్చుకోగలిగినంతలో మొదలుపెట్టవచ్చు. మంచం మీద కూర్చుని బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయమంటారు ఫిజియోథెరపిస్టులు. ఇంగ్లీషు అక్షరాల కంటే మన 'అ ఆ ఇ ఈ'లు దీనికి మెరుగు. గుండ్రాలు, మెలికలు ఉండటం వల్ల కీలు అన్ని వైపులకూ తిరుగుతుంది. మార్కాపురం పలక మీద దిద్దినంత శ్రద్ధగా దిద్దాలి. తరువాత తువ్వాలును పాదానికి తగిలించి, మునివేళ్లను మోకాలి వైపు లాగాలి. నడక కుదుటపడ్డాక గడప పట్టుకుని మడమలెత్తి దించాలి. ఆ తరువాత ఒంటికాలిపై అరనిమిషం. పళ్లు తోముకునేటప్పుడు చేస్తే వేరే సమయం కేటాయించనక్కరలేదు. కళ్లు తెరిచి, తరువాత కళ్లు మూసి, తరువాత మడతపెట్టిన బొంత మీద నిలబడి.

ఇవి ఎన్నాళ్లు చేయాలి? నెదర్లాండ్స్‌లో బెణుకు నుంచి కోలుకున్న 522 మంది క్రీడాకారులపై జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. మామూలు చికిత్సతో పాటు ఎనిమిది వారాలు ఇంట్లోనే సమతౌల్య వ్యాయామం చేసినవారిలో, తరువాతి ఏడాదిలో మళ్లీ బెణకడం మూడో వంతు పైగా తగ్గింది. ఖర్చు లేని చికిత్సల్లో ఇంత ఫలితం ఇచ్చేవి అరుదు. అయినా దీన్ని చెప్పేవారు తక్కువ, చేసేవారు ఇంకా తక్కువ. ఎవరూ డబ్బు తీసుకోరు కాబట్టి ఎవరికీ ఇది వైద్యంలా కనిపించదు.

పనిలోకి ఎప్పుడు వెళ్లాలన్నది క్యాలెండరు చూసి నిర్ణయించకండి. కుంటకుండా నడవగలగాలి, గాయపడిన కాలి మడమను ఒంటరిగా పదిసార్లు ఎత్తగలగాలి, అదే కాలిపై నాలుగైదు గెంతులు వేయగలగాలి. చేనులో పనిచేసేవారైతే దుక్కి మీద, గట్టు మీద బరువు లేకుండా ముందు నడిచి చూడాలి. మూట తలకెత్తుకోవడం చివరి మెట్టు. వీలుంటే చెప్పుల బదులు వెనక పట్టీ ఉన్న బూట్లు వాడమని చెప్పండి. మడమ జారే చెప్పుతో పాదం కోణం ఎవరి అదుపులోనూ ఉండదు.

8. మీ అవగాహనను పరీక్షించుకోండి

(అ) పన్నెండేళ్ల బాలుడు పాఠశాల మైదానంలో పరుగెత్తుతూ కాలు మడచుకున్నాడు. కుంటుతూ ఆరడుగులు వేశాడు. బయటి బుడిపె కొన మీద నొక్కితే నొప్పి అంటున్నాడు, వాపు కొద్దిగానే ఉంది. వాళ్ల నాన్న 'నడిచాడు కదా, ఎక్స్‌రే ఎందుకు?' అంటున్నారు. మీరు ఆయనకు ఏ రెండు కారణాలు చెబుతారు?

(ఆ) పదిహేనేళ్లుగా మధుమేహం ఉన్న అరవై ఏళ్ల రైతు, గట్టు దిగుతూ జారి, అర కిలోమీటరు నడిచి ఇంటికి వచ్చారు. నొప్పి పెద్దగా లేదంటున్నారు. కానీ పాదమంతా వాచి, వెచ్చగా, ఎర్రగా ఉంది. ఒట్టావా నియమాల ప్రకారం ఆయనకు ఎక్స్‌రే అక్కరలేదని మీ స్నేహితుడు వాదిస్తున్నాడు. అతని వాదనలో లోపం ఎక్కడ ఉంది?

(ఇ) ఈ పాఠం మొదట్లో గట్టు దిగిన కూలీ తల్లికి ఆ రాత్రి నాలుగు అడుగులు వేయడం సాధ్యమైంది. బుడిపెల వెనక అంచుల మీద, పాదం రెండు అంచుల మీద నొక్కితే నొప్పి లేదు. ముందున్న మెత్తని భాగంలో మాత్రం తాకనివ్వడం లేదు. ఆమెకు ఆ రాత్రికీ, ఐదో రోజుకూ, రెండో నెలకూ మీరు ఏం చెబుతారో విడివిడిగా రాయండి.